ఒప్పుకున్నట్టు రుజువేదీ? ఎస్‌ఎంఎస్ అనుమతుల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

చూడ్డానికి చిన్న పనే. మేం ఆన్‌లైన్‌లో సైకిల్ విడిభాగాలు అమ్ముతాం. నాలుగైదు దేశాల్లో కొనేవాళ్లున్నారు. ఈమెయిళ్లు ఎవరూ తెరవడం లేదు కాబట్టి ఇకనుంచి ఆఫర్లన్నీ ఎస్‌ఎంఎస్‌లో పంపాలని పైవాళ్లు తేల్చేశారు. ఎస్‌ఎంఎస్‌లు పంపిపెట్టే గేట్‌వే కంపెనీతో ఒప్పందం అయిపోయింది, మన ప్రోగ్రాముని వాళ్ల వ్యవస్థకు కలిపే పాస్‌వర్డ్ లాంటి ఏపీఐ కీ నా చేతికొచ్చింది. మార్కెటింగ్ చూసే మేడమ్ ఒక ఎక్సెల్ ఫైలు పంపి, "ఇందులో పదకొండు వేల పైచిలుకు నంబర్లున్నాయి, శుక్రవారం మొదలుపెట్టేద్దామా?" అని అడిగారు.

తెరిచి చూశాను. పేరు, నంబరు, దేశం, చివరిసారి కొన్న తేదీ. ఐదో కాలమ్ పేరు "ఓకే". దాంట్లో కొన్నిచోట్ల "వై" అని ఉంది, కొన్నిచోట్ల "ఎస్", కొన్నిచోట్ల 1. మిగతావన్నీ ఖాళీ.

"ఈ ఓకే ఏంటండీ?"

"వాళ్లు ఒప్పుకున్నట్టు."

"దేనికి ఒప్పుకున్నట్టు?"

ఆవిడ కాసేపు ఆలోచించారు. "అది పాత వెబ్‌సైట్ రోజుల నాటిదండీ. అప్పుడు చేసినవాళ్లెవరూ ఇప్పుడు లేరు."

శుక్రవారం కుదరదని అప్పుడే చెప్పేశాను. నన్ను ఏ నియంత్రణ సంస్థో, కోపమొచ్చిన కస్టమరో "నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అని అడిగితే, చూపించడానికి నా దగ్గరున్నది ఒక్క "వై" అక్షరం. అది ఎవరు కొట్టారో కూడా తెలీదు.

2, 3 రోజులు

ఒక్క లైను కోడ్ రాయలేదు. చదవడంతోనే సరిపోయింది. న్యాయ సలహాదారు వారానికి ఒక గంట మాత్రమే దొరుకుతారు కాబట్టి, ఆయన దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లకూడదనుకున్నాను.

అమెరికాలో ఈ వ్యవహారాన్ని చూసే టెలిఫోన్ వినియోగదారుల రక్షణ చట్టం 1991 నాటిది. ప్రపంచంలో మొదటి ఎస్‌ఎంఎస్ వెళ్లింది 1992 డిసెంబరు 3న. అంటే ఎస్‌ఎంఎస్ కంటే దాన్ని కట్టడి చేసే చట్టమే ఏడాది పెద్దది! చట్టం కాల్స్ కోసం పుట్టింది, తర్వాత అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ మెసేజ్‌ని కూడా కాల్ కిందే లెక్కగట్టింది. ఆటోమేటిక్‌గా పంపే మార్కెటింగ్ మెసేజ్‌లకు ముందస్తు రాతపూర్వక అంగీకారం కావాలన్న నిబంధన 2013 అక్టోబరు 16 నుంచి అమల్లో ఉంది. తప్పితే ఒక్కో మెసేజ్‌కి 500 డాలర్లు, కావాలని చేశారని తేలితే 1,500 దాకా. మన ఫైల్లో అమెరికా నంబర్లు రెండు వేలున్నాయనుకుందాం. అందరికీ ఒక్కసారి "సేల్ మొదలైంది" అని పంపితే పది లక్షల డాలర్ల లెక్క తేలుతుంది. ఈ గుణకారం ఒక్కటి కాగితం మీద రాసి మేనేజరు గారి బల్ల మీద పెట్టాను. అప్పటినుంచి గడువు గురించి ఎవరూ అడగలేదు.

ఐరోపాలో జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2018 మే 25 నుంచి. నాకు బాగా పనికొచ్చింది దాని 7వ అధికరణం. ఒప్పుకున్నారని చూపించగలగాల్సిన బాధ్యత సమాచారాన్ని వాడుకునేవాడిదే. పైగా ఒప్పుకోవడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలి. ఊరుకోవడాన్నీ, ముందే టిక్ పెట్టి ఉంచిన బాక్సునూ అంగీకారం అనుకోకూడదని దాని పీఠికలో స్పష్టంగా రాసుంది.

కెనడా చట్టం 2014 జులై 1న అమల్లోకొచ్చింది. అక్కడ ఒక వెసులుబాటు కనిపించింది. మన దగ్గర ఏదైనా కొన్నవాళ్లు రెండేళ్ల దాకా ఒప్పుకున్నట్టే లెక్క. ఆ "చివరిసారి కొన్న తేదీ" కాలమ్ ఇన్నాళ్లకు ఒక పనికొచ్చింది.

ఇండియా పద్ధతి వేరు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పంపేవాళ్ల పేరు (హెడర్), మెసేజ్ నమూనా (టెంప్లేట్) ముందే డీఎల్‌టీ అనే డిజిటల్ లెడ్జర్‌లో (టెలికాం కంపెనీల చిట్టా) నమోదు చేయించుకోవాలి. నమోదు లేని టెంప్లేట్ ఆపరేటరు దగ్గరే ఆగిపోతుంది. మిగతా దేశాల్లో తప్పు చేశాక పట్టుకుంటారు, ఇక్కడ తప్పు చేయడానికే దారి ఉండదు. ప్రోగ్రామరుగా నాకిదే నచ్చింది. నమోదు చేయించాల్సింది నేనే అని గుర్తొచ్చాక ఆ ఇష్టం కాస్త తగ్గింది.

దేశానికో రకం రూలు కోడ్‌లో పెడితే నెల తిరిగేసరికి ఎవరికీ అర్థం కాదు. అన్నిట్లోకీ గట్టి నిబంధన ఏదైతే అదే అందరికీ వర్తింపజేద్దామని నిర్ణయం. కెనడా వెసులుబాటు కూడా వదిలేశాం. మేడమ్‌కి బాధేసింది. నాకూ కొంచెం వేసింది.

4వ రోజు

మరి ఆ పదకొండు వేల నంబర్ల సంగతేంటి? మీటింగులో అందరికీ ఒకేసారి తట్టిన ఐడియా: "అందరికీ ఒక మెసేజ్ పంపి, మీకు ఇష్టమేనా అని అడుగుదాం. ఇష్టమన్నవాళ్లను ఉంచుకుందాం."

ఎంతో మర్యాదగా ఉంది కదా, కానీ చేయకూడదు. బ్రిటన్‌లో ఇదే జరిగింది. ఫ్లైబీ అనే విమాన సంస్థ, హోండా ఐరోపా విభాగం తమ జాబితాల్లోవాళ్లకు "మీ సమాచారం సరిగ్గా ఉందా, మా మెయిళ్లు కావాలా" అన్న తరహా ఈమెయిళ్లు పంపాయి. అక్కడి సమాచార కమిషనరు కార్యాలయం 2017లో ఫ్లైబీకి 70,000 పౌండ్లు, హోండాకు 13,000 పౌండ్లు జరిమానా వేసింది. ఎందుకంటే మార్కెటింగ్‌కి అనుమతి అడుగుతూ పంపే సందేశం కూడా మార్కెటింగే. వాటిలో ఒకరి జాబితాలో వద్దన్నవాళ్లు ఉన్నారు, ఇంకొకరి జాబితాలో ఒప్పుకున్నారో లేదో తేలనివాళ్లు ఉన్నారు. మా ఫైలు ఆ రెండో రకం. కెనడా చట్టంలో అయితే ఈ సంగతి నేరుగానే రాసుంది.

"అంటే తలుపు కొట్టడానికి కూడా ముందే పర్మిషన్ కావాలా?" అన్నాడు సపోర్టులో పనిచేసే తమ్ముడు. అవును, ఈ తలుపు విషయంలో అంతే.

చివరికి తేలింది ఇది: పాత ఫైల్లో నంబర్లకు ఏమీ పంపం. వాళ్లంతట వాళ్లు వెబ్‌సైట్‌కి వచ్చి లాగిన్ అయినప్పుడు, ఆర్డరు పెట్టే పేజీలో అందరితోపాటే అడుగుతాం. మేడమ్ ఆ ఎక్సెల్ ఫైలు పేరు మార్చి "వాడకూడదు" అని పెట్టారు. ఆ పేరుతోనే షేర్డ్ ఫోల్డర్లో ఉంది. రేపు కొత్తగా వచ్చినవాడు ఈ పేరు చూసి ముందు తెరిచేది దాన్నే. అక్కణ్నుంచి తీయించి, యాక్సెస్ ఇద్దరికి తగ్గించాం.

6వ రోజు

వాక్యం రాయడానికి ఒక రోజంతా పట్టింది. ఒక్క చెక్‌బాక్స్ పక్కన ఉండే వాక్యం!

మార్కెటింగ్ నుంచి వచ్చిన మొదటి రూపం: "నిబంధనలకూ, మా నుంచి అప్‌డేట్లు అందుకోవడానికీ ఒప్పుకుంటున్నాను." రెండు వేర్వేరు సంగతుల్ని ఒకే టిక్‌కి కట్టేసింది. నిబంధనలకు ఒప్పుకోకపోతే ఆర్డరే పెట్టలేరు, కాబట్టి పక్కనున్నదానికీ ఒప్పుకోక తప్పదు. పైగా అప్‌డేట్లంటే ఏవి? ఎందులో? ఎన్ని?

రెండోది నేను రాశాను. చట్టాలు కొత్తగా చదివిన గర్వం అందులో కనిపిస్తోంది. ఐదు లైన్లు. సపోర్టు తమ్ముడికి చదివి వినిపించి, "ఇప్పుడు నీకు ఏమొస్తాయి?" అని అడిగితే, "ఏదో కోర్టు నోటీసు వస్తుందేమో సార్" అన్నాడు.

మూడోది ముగ్గురం కూర్చుని రాశాం:

"ఆఫర్లు, కొత్త సరుకు గురించి నెలకు నాలుగు దాకా ఎస్‌ఎంఎస్‌లు ఈ నంబరుకి పంపండి. దీనికి ఒప్పుకోకపోయినా మీ ఆర్డరుకి ఇబ్బందేమీ ఉండదు. ఎప్పుడైనా స్టాప్ అని పంపి ఆపేయొచ్చు."

ఏమొస్తాయో, ఎన్నొస్తాయో, ఎలా ఆపాలో మూడు వాక్యాల్లో వచ్చేసింది. మధ్య వాక్యం మీద గొడవైంది. "ఇబ్బందేమీ ఉండదని మనమే చెప్తే ఎవరు టిక్ పెడతారు?" అని మేడమ్ ప్రశ్న. కొనుగోలుకి ముడిపెట్టి తీసుకున్న అంగీకారం అమెరికాలో చెల్లదు, ఐరోపాలో నిలబడ్డం కష్టం. ఆ వాక్యం ఉంది.

బాక్సులో టిక్ ముందే పెట్టి ఉంచుదామన్న మాట మాత్రం ఈసారి ఎవరూ ఎత్తలేదు. బల్ల మీది గుణకారం ఇంకా పనిచేస్తోంది.

9వ రోజు

టేబుల్ డిజైను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను: నా మొదటి డిజైనులో కస్టమరు టేబుల్‌కి ఒక కాలమ్ కలిపాను, దాని విలువ అవును లేదా కాదు. అంటే ఆ ఎక్సెల్ ఫైలు మీద అంత ఎగిరిపడ్డవాణ్ని, డేటాబేసులో అదే "ఓకే" కాలమ్ మళ్లీ కట్టుకున్నాను.

చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు అనుమతులకు వేరే టేబుల్. అందులో వరుసలు కలపడమే తప్ప మార్చడం, తీసేయడం ఉండవు. బ్యాంకు పాస్‌బుక్ లాగా. "అడిగాం", "టిక్ పెట్టారు", "ఖాయం చేశారు", "ఆపమన్నారు", ఒక్కోటీ ఒక్కో వరుస. ప్రతి వరుసలో నంబరు, సమయం (యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో), ఏ పేజీ నుంచి, ఏ ఐపీ అడ్రసు నుంచి, ఏ భాషలో, అన్నిటికంటే ముఖ్యంగా ఏ వాక్యం చూసి.

ఆ వాక్యం దగ్గరే అసలు పని. రేపు వాక్యం మారుస్తాం. నాలుగు ఎస్‌ఎంఎస్‌లు ఎనిమిది చేయాలనిపించవచ్చు. నాలుగుకి ఒప్పుకున్నవాళ్లు ఎనిమిదికి ఒప్పుకున్నట్టు కాదు కదా. అందుకని వాక్యాలకు ఇంకో టేబుల్ పెట్టాను: వెర్షన్ నంబరు, పూర్తి పాఠం, వాడుకలోకి వచ్చిన తేదీ, ఆ రోజు పేజీ ఎలా కనిపించిందో స్క్రీన్‌షాట్. స్క్రీన్‌షాట్ అతి అనిపించింది కానీ న్యాయ సలహాదారే అడిగారు. "వాక్యం ఉందని చెప్తావు సరే, అది లేత బూడిద రంగులో చీమ తలంత అక్షరాల్లో లేదని ఎలా చూపిస్తావు?" అన్నారు. నిజమే.

10వ రోజు

ఒక్క రోజు కూడా గడవలేదు. టెస్ట్ సైట్‌లో వాక్యం మారిపోయి ఉంది. "ఇబ్బందేమీ ఉండదు" కాస్తా "ప్రత్యేక తగ్గింపులు మిస్ కావద్దు" అయింది. కంటెంట్ ఎడిటర్లో ఎవరో సరిచేశారు. డేటాబేసు మాత్రం వెర్షన్ 3 అనే రాసుకుంటోంది. అంటే నా రుజువే అబద్ధం చెబుతోంది.

వాక్యాన్ని కంటెంట్ ఎడిటర్ నుంచి తీసేశాను. ఇప్పుడు ఫారం ఆ పాఠాన్ని నేరుగా వెర్షన్ టేబుల్ నుంచే తెచ్చుకుంటుంది. మార్చాలంటే కొత్త వెర్షన్ సృష్టించాల్సిందే, ఇంకొకరు చూసి సరేనంటే గానీ అది బయటికి రాదు. ఎవరు మార్చారో నేను అడగలేదు. మేడమ్ మూడు రోజులు టీ దగ్గర నేను ఎదురైతే పక్కకు చూశారు.

12వ రోజు

నంబర్లు. అందరూ తేలిగ్గా తీసుకునే విషయం, అందరూ తన్నులు తినే విషయం.

ఒకాయన సున్నాతో మొదలుపెడతాడు, ఇంకొకాయన ప్లస్‌తో, మరొకావిడ మధ్యలో గీతలు పెడుతుంది. అన్నిటినీ ఈ.164 అనే అంతర్జాతీయ పద్ధతిలోకి మార్చి దాచాలి: ప్లస్, దేశం కోడ్, ఆ తర్వాత నంబరు, మొత్తం 15 అంకెలు దాటకుండా. దీనికి గూగుల్ వాళ్ల లిబ్‌ఫోన్‌నంబర్ లైబ్రరీ ఉంది, సొంతంగా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనాలు పట్టుకునే సూత్రం) రాయాలన్న దురద అణుచుకుంటే చాలు. ఇది చేయకపోతే ఏమవుతుందంటే, ఒకే మనిషి రెండు రూపాల్లో ఉంటాడు. ఒక రూపంలో ఆపమంటాడు, రెండో రూపానికి మెసేజ్ వెళుతూనే ఉంటుంది.

సపోర్టు వాళ్లు ఫోన్లో "వద్దు" అన్నవారి జాబితా సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన సాదా పట్టిక) ఇచ్చారు. దిగుమతి చేస్తే నూట నలభై మంది నంబరు ఒకటే వచ్చింది: 9.19ఈ+11. ఎక్సెల్ పెద్ద నంబర్లను అలా కుదించి చూపిస్తుంది, సీఎస్‌వీగా సేవ్ చేస్తే చూపించిందే రాసేస్తుంది. అసలు అంకెలు పోయాయి. వద్దన్నవాళ్లు ఎవరో తెలియకుండా పోవడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. టెన్షన్‌తో తమ్ముడి దగ్గరికి పరిగెత్తితే, అతను డ్రాయరు లాగి ఒక నోట్‌బుక్ తీశాడు. అన్నీ చేత్తో రాసుకున్నాడు, తేదీలతో సహా! ఆ నోట్‌బుక్ నా డేటాబేసు కంటే మంచి డిజైను.

13 నుంచి 16

టిక్ పెట్టినంత మాత్రాన ఆ నంబరు వాళ్లదేనని ఎలా తెలుస్తుంది? ఒక్క అంకె తప్పు కొడితే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లకు వెళుతుంది. అందుకే రెండో మెట్టు: టిక్ పెట్టాక ఒక మెసేజ్ వెళుతుంది, దానికి "అవును" అని జవాబిస్తేనే ఖాయం. మూడు రోజుల్లో జవాబు రాకపోతే ఆ నంబరు మార్కెటింగ్ జాబితాలోకి రాదు, మళ్లీ గుర్తుచేయడం కూడా లేదు. ఈ మొదటి మెసేజ్‌లో ఆఫరు ఊసెత్తకూడదని పట్టుబట్టాను. "కనీసం పది శాతం కూపన్..." అన్నారు. కూపన్ పెట్టిన క్షణం అది అడగడం మానేసి అమ్మడం మొదలుపెడుతుంది.

దీనివల్ల జాబితా చిన్నదవుతుంది, అందులో అనుమానం లేదు. టిక్ పెట్టినవాళ్లలో కొందరు జవాబివ్వరు. చాలా దేశాల్లో ఇది తప్పనిసరి కూడా కాదు. అయినా ఉంచాం. ఈ ప్రాజెక్టులో నేను చేసిన పనుల్లో దేన్ని ఉంచుకుంటావంటే దీన్నే ఉంచుకుంటాను.

ఇప్పుడు అక్షరాల లెక్క. ఒక ఎస్‌ఎంఎస్‌లో 140 బైట్లు పడతాయి. ఇంగ్లిషు అక్షరానికి ఏడు బిట్లు చాలు కాబట్టి 160 పడతాయి. తెలుగుకి ఒక్కో కోడ్‌కి రెండేసి బైట్లు కావాలి, 70 మాత్రమే పడతాయి. ఆ 70 కూడా మన కంటికి కనిపించే అక్షరాల లెక్క కాదు. "స్త్రీ" అని రాస్తే మనకు ఒక్క అక్షరమే. ఫోన్‌కి అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘం, మొత్తం ఆరు. ఒత్తులు ఎక్కువున్న మాటలన్నీ ఖరీదైనవే. సంస్కృత పదాలు మానేసి వాడుక మాటలు వాడితే డబ్బు మిగులుతుందని తెలుసుకున్న రోజు ఇది. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, అప్పుడు ముక్కకు 67 చొప్పున. ప్రతి ముక్కకూ ఒక మెసేజ్ చార్జీ. నేను రాసిన మొదటి పాఠం మూడు ముక్కలైంది, కోసి కోసి రెండుకి తెచ్చాను. "వద్దనుకుంటే జవాబు ఇవ్వక్కర్లేదు" అన్నదాన్ని మాత్రం కోయలేదు.

ఇంగ్లిషు మెసేజ్ కూడా ఉన్నట్టుండి రెట్టింపు చార్జీ చూపించింది. అరపూట వెతికితే, వర్డ్ ఫైలు నుంచి కాపీ చేసినప్పుడు వంకర తిరిగిన ఒక కొటేషన్ గుర్తు వచ్చి కూర్చుంది. అది ఏడు బిట్ల పట్టికలో లేదు. ఆ ఒక్క గుర్తు కోసం మెసేజ్ మొత్తం 70 లెక్కలోకి జారిపోయింది.

17వ రోజు

ఆపడం. ప్రారంభించడం కంటే దీనికే ఎక్కువ కోడ్ పట్టింది, అలా పట్టడమే సబబు.

అమెరికాలో 2025 ఏప్రిల్ 11 నుంచి వచ్చిన నిబంధన ప్రకారం కస్టమరు సహేతుకమైన ఏ మార్గంలో చెప్పినా ఆపినట్టే లెక్క, పది పనిదినాల్లోగా అమలు చేయాలి. స్టాప్, క్విట్, ఎండ్, రివోక్, ఆప్ట్ అవుట్, క్యాన్సిల్, అన్‌సబ్‌స్క్రైబ్, ఈ మాటలన్నీ చెల్లుతాయి. పది రోజులెందుకు? పది సెకన్లలో అయ్యే పనికి పది రోజులు వాడుకుంటే మన మీద మనకే అనుమానం రావాలి. ఆపాక ఒకే ఒక్క మెసేజ్ పంపొచ్చు, ఆపేశామని. అందులో కూడా అమ్మకం మాట ఉండకూడదు.

ఇంగ్లిషు మాటలు సులువు. తెలుగులో జనం ఏమని పంపుతారు? ఆఫీసులో పదిమందికి ఫోన్లిచ్చి, "మీకు ఈ మెసేజ్‌లు విసుగొచ్చాయనుకోండి, ఏం టైపు చేస్తారు?" అని అడిగాను. "వద్దు", "ఆపండి", "ఆపు", "స్టాప్" తెలుగు లిపిలో, "వొద్దు బాబూ", "చాలు ఇంక", ఒకరైతే రెండు చేతులు జోడించిన ఎమోజీ. చివరిదాన్ని కూడా జాబితాలో కలపమన్నాడు తమ్ముడు. అది "ధన్యవాదాలు" కూడా కావచ్చు కదా అంటే, "సార్, మార్కెటింగ్ మెసేజ్‌కి ధన్యవాదాలు ఎవరు చెప్తారు?" అన్నాడు. కలిపాను.

"చాలు" దగ్గర చిక్కొచ్చింది. "రెండు టైర్లు చాలు, మూడోది క్యాన్సిల్" అని ఆర్డరు గురించి జవాబిచ్చేవాళ్లున్నారు. అందుకని రూలు ఇలా పెట్టాను: మెసేజ్ మొత్తం ఆ మాటే అయితే వెంటనే ఆపడం. మధ్యలో ఆ మాట ఉంటే కూడా మార్కెటింగ్ వెంటనే ఆగుతుంది, కానీ ఒక మనిషి చదివి చూస్తాడు, ఆర్డరు సంగతైతే చూసుకుంటాడు. తేలనప్పుడు ఆపే వైపే మొగ్గాలి. పొరపాటున ఆపితే ఒక అమ్మకం పోతుందేమో. పొరపాటున పంపితే మనిషే దూరమవుతాడు.

సపోర్టు వాళ్ల స్క్రీన్ మీద కూడా "ఇకమీదట పంపొద్దు" అని ఒక బటన్ పెట్టాం. నోట్‌బుక్‌కి రిటైర్మెంటు.

18వ రోజు

కొన్ని దేశాల్లో మెసేజ్ మన కంపెనీ పేరుతో కనిపిస్తుంది, నంబరుతో కాదు. బాగుంటుంది కానీ అలాంటిదానికి జవాబివ్వడం కుదరదు. "స్టాప్ అని పంపండి" అని రాసి, పంపే దారే లేకపోతే అది మోసమే. అక్కడ ఒక లింకు ఇస్తున్నాం.

లింకు పెట్టిన మధ్యాహ్నానికి మా టెస్ట్ నంబర్లు సగం ఆపేసినట్టు వచ్చాయి. ఎవరూ ముట్టుకోలేదు. చూస్తే, ఫోన్లోని మెసేజ్ యాప్ లింకు ప్రివ్యూ చూపించడానికి తనే ఆ పేజీని తెరుస్తోంది. తెరవగానే ఆగిపోయేలా రాసింది నేను. గెట్ రిక్వెస్టుతో, అంటే పేజీని ఊరికే తెరిచినంత మాత్రాన, ఏదీ మార్చకూడదని కుర్రాళ్లకు క్లాసులు పీకుతుంటాను. ఇప్పుడు పేజీలో ఒక బటన్ ఉంది, నొక్కితేనే ఆగుతుంది. లాగిన్ అడగదు, కారణం అడగదు, "నిజంగానే వెళ్లిపోతారా?" అని ఏడుపు మొహం చూపించదు.

20వ రోజు

ఒక తికమక ప్రశ్న. ఒకావిడ తన వివరాలన్నీ తీసేయమంది. సరే, తీసేశాం. రేపు ఎవరో పాత బ్యాకప్ నుంచి జాబితా తెచ్చి ఎక్కిస్తే ఆవిడకు మళ్లీ మెసేజ్ వెళుతుంది. ఆవిడను మర్చిపోవాలంటే ఆవిడను గుర్తుపెట్టుకోవాలి.

పంపకూడనివాళ్ల జాబితాలో నంబరు బదులు దాని హ్యాష్ (నంబరు నుంచి లెక్కగట్టిన, వెనక్కి తిప్పలేని గుర్తు) మాత్రం ఉంచుదామనుకున్నాను. కానీ ఫోన్ నంబర్లు ఎన్నో లేవు. పది అంకెలంటే వెయ్యి కోట్ల అవకాశాలు, మామూలు హ్యాష్‌ని కంప్యూటరు కూర్చుని అన్నీ వేసి చూసి కనిపెట్టేస్తుంది. రహస్య కీ కలిపి లెక్కగట్టే హెచ్‌మ్యాక్ అనే హ్యాష్ వాడాను, కీ వేరేచోట ఉంది. న్యాయ సలహాదారు తల ఊపారు. అర్థమై ఊపారో, గంట అయిపోయిందని ఊపారో.

21 నుంచి 25

ఇండియా నమోదు. హెడరు ఒక రోజులో వచ్చింది, టెంప్లేట్లు రెండుసార్లు వెనక్కొచ్చాయి. అంతకుమించి చెప్పుకోదగ్గది లేదు. ఒక్కటి మాత్రం: "మీ పార్సిల్ బయల్దేరింది" టెంప్లేట్ చివర్లో "తర్వాతి ఆర్డరుపై తగ్గింపు పొందండి" అని ఎవరో తగిలించారు. ఆ ఒక్క తోకతో సర్వీసు మెసేజ్ కాస్తా ప్రమోషన్ అయిపోతుంది. చాలా దేశాల్లో ఇదే లెక్క. తోక కత్తిరించి మళ్లీ పంపాం.

27వ రోజు

మొదటిసారి నిజంగా పంపాం. టిక్ పెట్టి, "అవును" అని జవాబిచ్చినవాళ్లు 312 మంది. పదకొండు వేలకూ దీనికీ ఎక్కడ పోలిక! మేనేజరు గారు ఆ నంబరు రెండుసార్లు అడిగారు.

ఉదయం పదింటికి జాబితా తయారైంది. గేట్‌వే నెమ్మదిగా పంపుతుంది కాబట్టి క్యూలో ఉన్నాయి. 10:04కి ఒకాయన స్టాప్ అన్నాడు. 10:05కి "ఆపేశాం" అని వెళ్లింది. 10:09కి ఆయనకే ఆఫర్ వెళ్లింది. 10:10కి ఆయన రాసింది ఇక్కడ రాయను.

జాబితా తయారుచేసేటప్పుడు చూశాను గానీ పంపే ముందు చూడలేదు. మధ్యలో ఉన్న తొమ్మిది నిమిషాల్లో మనసు మార్చుకునే హక్కు మనిషికి ఉందని నా కోడ్‌కి తెలీదు. ఇప్పుడు ప్రతి మెసేజ్ గేట్‌వేకి వెళ్లే ఆఖరి క్షణంలో అనుమతి టేబుల్ చూస్తుంది. ఆయనకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పింది తమ్ముడే. "ఫోన్ కూడా చేయొద్దు" అన్నాడట. దాన్నీ రాసుకున్నాం.

28వ రోజు

వేళలు. అమెరికాలో అందుకునేవాళ్ల టైము ప్రకారం ఉదయం 8 లోపు, రాత్రి 9 దాటాక పంపకూడదు. మా సర్వరు యూటీసీలో నడుస్తుంది. పైగా నంబరు ముందు అమెరికా కోడ్ +1 అని ఉన్నంత మాత్రాన ఆ మనిషి ఏ టైమ్ జోన్లో ఉన్నాడో తెలీదు, ఏరియా కోడ్ ఒకచోటిది, మనిషి ఉండేది ఇంకోచోట. కాబట్టి ఆ దేశంలోని జోన్లన్నిటికీ పగలయ్యే కొద్ది గంటల్లోనే పంపుతున్నాం. ఇరుకే. ఎవరి నిద్రా చెడదు.

34వ రోజు

సపోర్టుకి ఒక ఫిర్యాదు: "నేనెప్పుడూ మీకు అనుమతివ్వలేదు. నా నంబరు ఎక్కణ్నుంచి కొన్నారు?"

నెల క్రితమైతే నాకు చెమటలు పట్టేవి. ఆ నంబరు వెతికాను. నాలుగు వరుసలొచ్చాయి. ఆర్డరు పేజీ, తేదీ, సమయం, వెర్షన్ 3. రెండు నిమిషాల తర్వాత ఖాయం చేయమని మా మెసేజ్. పదకొండు నిమిషాల తర్వాత అటునుంచి "అవును". స్క్రీన్‌షాట్ కూడా ఉంది, అక్షరాలు చీమ తలంత లేవు.

తమ్ముడు ఆ తేదీ, ఆయన చూసిన వాక్యం పంపి, "మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే ఆపేస్తామండీ" అని రాశాడు. అరగంట తర్వాత జవాబొచ్చింది: "అవునవును, గుర్తొచ్చింది, పెడల్ కొన్నప్పుడు. అయినా ఇప్పుడు వద్దులెండి."

ఐదో వరుస: ఆపమన్నారు, 16:42.